కులేఖారా తవ్విన ఆదివారం

మొక్కల్ని కాపాడేవాళ్లంటే నాకు తగని గౌరవం. ఎందుకంటే వాళ్లలో నేనూ ఉన్నాను. సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మేం అయిదుగురం, ఎక్కడ కొత్త కట్టడం లేవబోతోందని తెలిసినా ఆదివారం పారలతో వాలిపోతాం. బుల్డోజర్ వచ్చేలోపు అక్కడి అడవి మొక్కల్ని తవ్వి మా బాల్కనీల్లో బతికిస్తాం. స్థలం యజమాని అనుమతి లేకుండా గడ్డిపరక కూడా ముట్టం. ఇంత నియమంగా ఉండే మమ్మల్ని ఎవరైనా తప్పుపడితే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఆదివారం లిలువా వెళ్లాం. అక్కడ ఒక చెరువుని మర్నాటి నుంచి పూడ్చేస్తారు. గట్టు పొడవునా కులేఖారా, మన నీరుగొబ్బి, మోకాలెత్తున దట్టంగా ఉంది. రక్తం తక్కువున్నవాళ్లకి ఇక్కడి బెంగాలీలు దాని ఆకు రసం తాగిస్తారు. మనిషి చెయ్యి పడలేదు కాబట్టే ఇంత బాగా పెరిగిందని మావాళ్లకి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. మిట్టమధ్యాహ్నానికి గట్టు బోడిగా అయింది. అరవై మొక్కలు గోనెసంచుల్లోకి చేరాయి.

అప్పుడొచ్చింది తవిటమ్మ, గిన్నె పట్టుకుని. ఎప్పుడో మనవైపు నుంచి వలసొచ్చి, మున్సిపాలిటీలో వీధులూడ్చి రిటైరైన మనిషి, ఉండేది ఆ పక్క క్వార్టర్లలోనే. నా తెలుగు విని తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"ఏటమ్మా, ఎవుల్నడిగి తవ్వినావు?"

బిల్డర్ ఇచ్చిన కాగితం చూపించాను.

"ఆ బిల్డర్ దాదా ఏనాడైనా ఈ ఆకు కోసినాడా?"

కోసేది ఆ క్వార్టర్లవాళ్లట. ఆరు ఇళ్లు, వారంలో ఇంటికో రోజు వంతు. చివుళ్లే గిల్లాలి, వేరు కదపకూడదు. గిల్లినకొద్దీ పక్క కొమ్మలేసి పన్నెండేళ్లుగా అలా గుబురెక్కింది. ఆదివారం తవిటమ్మ వంతు. ఆమె మనవరాలు సుమకి ఏడో నెల, రక్తం బాగా తక్కువుందని డాక్టరు చెప్పాడు. నా ఉపన్యాసం గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా నోరు ఊరుకోదు కదా, మరి బుల్డోజర్‌కి వదిలేయమంటారా మామ్మగారూ అని అడిగాను.

"తవ్వొద్దనలేదు. దూరం తీసుకెల్లొద్దంతన్నాను. మీ మేడల్లోకి మా సుమని రానిత్తారా?"

మా గేటు దగ్గర పనమ్మాయి సంచి కూడా వెతుకుతారు. గోనెసంచి ఎత్తుకుని, ఎక్కడ నాటాలో చూపించమన్నాను.

క్వార్టర్ల ముందు తిప్పే పిడి లేని వీధి కుళాయి ఒకటుంది. నీళ్లొచ్చే వేళల్లో దానంతటదే పారుతుంది, చుట్టూ ఎప్పుడూ బురదే. తవిటమ్మ అక్కడ గీత గీసి చూపించింది. సాయంత్రం దాకా నాటాం. ఎండలో తవ్విన పాపానికి సగానికి పైగా ఎండిపోయాయి, ఇరవై ఆరు నిలిచాయి. అవి పుంజుకునేదాకా తవిటమ్మ ఎవర్నీ గిల్లనివ్వలేదు, సుమ కోసం తనూ గిల్లలేదు. ఆ నెలంతా సుమకి బజారు నుంచి ఆ ఆకు కట్టలు మోసింది నేనే. తప్పు చేసినదాన్ని, మొయ్యక తప్పుతుందా.

నెల తిరిగాక మొదటి గిన్నెడు చివుళ్లు సుమ చేతికిచ్చి, తవిటమ్మ నావైపు తిరిగింది. ఈసారి ఎక్కడికెళ్తున్నారని అడిగింది. బడ్జ్ బడ్జ్ అన్నాను.

"నన్నూ తీసుకెల్లు. పార ఎయ్యకముందు, దాన్ని ఎవులు తింతన్నారో అడగాల."

ఇప్పుడు మేం ఆరుగురం. పారలు పట్టేది అయిదుగురమే. తవిటమ్మ ముందుగా చుట్టుపక్కల ఇళ్లన్నీ అడిగొచ్చేదాకా మేం గట్టు మీద కూర్చుని ఉంటాం.