ట్రాక్టరు ముక్కు మీద

మా బావ ఒళ్లో రాయి పెట్టించింది కంట్రాక్టరే. ఎవరో చెబితే విన్నది కాదు, కొడవలి పట్టుకుని అక్కడే నిలబడి చూశాను.

"వీడు కూర్చున్నా ఒకటే, కాకి వాలినా ఒకటే" అని నవ్వాడు కంట్రాక్టర్. "ఒరేయ్ బక్కోడా, ఈ రాయి ఒళ్లో పెట్టుకో. రెండు చేతులా పట్టుకో. జారవిడిచావంటే ఈ పూట కూలి లేదు."

మా బావని అందరూ బక్కోడనే పిలిచేవాళ్లు. ఆయన్ని కూర్చోబెట్టింది ట్రాక్టరు ముక్కు మీద. బంపర్ మీద కూర్చుని, వీపు బానెట్‌కి ఆనించి, కాళ్లు కిందికి వేలాడేశాడు. ఒళ్లో మిల్లు గోడలోంచి ఊడిపడ్డ రాయి. రెండు చేతులా రాయి పట్టుకున్న మనిషి ఇక దేన్ని పట్టుకుని కూర్చుంటాడు? ఆ మాట మా అందరి నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగింది.

"బావా, ఊరేగింపులో పెళ్లికొడుకులా ఉన్నావు" అని అరిచాను.

"అయితే మీ అక్కని కూడా తెచ్చి పక్కన కూర్చోబెట్టరా బామ్మర్దీ" అన్నాడు. అందరూ నవ్వారు. అవతల కంప నరుకుతున్న అక్క కూడా వినే ఉంటుంది.

ట్రాక్టరు ముందు మనుషుల్ని ఎందుకు కూర్చోబెడతారో చదువుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ తెలియకపోవచ్చు. చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి. మా బావ చావు ఆ రోజు మొదలవలేదు, ట్రాక్టర్లు అమ్మే షోరూంలో మొదలైంది.

మిల్లు మూతపడి చాలా కాలమైంది. దాన్ని నడిపిన మేం మిల్లు పక్క ఇరుకు గదుల్లోనే ఉండిపోయాం. వెనక భూమంతా ముళ్లకంప మొలిచి మనిషి తల దాటి పెరిగింది. ఇప్పుడు యజమానికి అక్కడ గోడౌన్లు కట్టాలని బుద్ధి పుట్టింది. కంప కొట్టించే పని ఈ కంట్రాక్టర్ పట్టాడు. మేం కొడవళ్లతో, గునపాలతో దిగాం. కొమ్మలు నరికితే మొదళ్లు మిగిలేవి, మొదళ్లు తవ్వితే వేర్లు మిగిలేవి, ఒక్క వాన పడితే మళ్లీ పచ్చగా లేచేది. అప్పుడు కంట్రాక్టర్ ట్రాక్టరు కొందామని బయల్దేరాడు. మోయడానికి నన్నూ, నడపడానికి డ్రైవర్‌నీ వెంటబెట్టుకెళ్లాడు.

షోరూం మనిషి ఉన్నమాటే చెప్పాడు. "మీ గేటు ఇరుకంటున్నారు, మధ్యమధ్య కొట్టకూడని చెట్లున్నాయంటున్నారు. చిన్న ట్రాక్టరే మంచిది సార్. ముందు పొదలు కొట్టే స్లాషర్ తీసుకోండి, కంపని నుగ్గు చేస్తుంది. తర్వాత వేర్లు పీకడానికి ఈ చిన్న గొర్రు."

కంట్రాక్టర్ చూపు మూలన రంగు వెలిసిపోయి పడున్న పెద్ద గొర్రు మీద పడింది. ఎవరో వాడి తిరిగి ఇచ్చేసిందట, చవగ్గా వస్తుంది. "అది తగిలిస్తే?"

"అది పెద్ద ట్రాక్టర్లది సార్. దీనికి తగిలిస్తే మొద్దు అడ్డం పడినప్పుడల్లా ముక్కు పైకి లేస్తుంది. తప్పదంటే ముందు ఇనప బరువులు బిగించుకోవాలి. అవి విడిగా కొనాలి."

"నా దగ్గర బరువులకేం కరువయ్యా" అన్నాడు కంట్రాక్టర్. "రోజూ పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడతాయి."

షోరూం మనిషి నవ్వాడు. నవ్వడం అతని ఉద్యోగంలో భాగం. డ్రైవర్ ఒక్కడే గొణిగాడు. "సార్, ముక్కు లేస్తే స్టీరింగ్ నా మాట వినదు."

"నువ్వు నా మాట విను, చాలు."

స్లాషర్ కొనలేదు, కొడవళ్లు పట్టిన చేతులున్నాయిగా. ఇనప బరువులు కొనలేదు, ఒళ్లున్నాయిగా. ఆ యంత్రానికి కొనకుండా మిగిల్చుకున్న ప్రతి భాగానికీ బదులు మాలో ఒకణ్ని తెచ్చి బిగించాడు ఆ దుర్మార్గుడు.

మొదట్లో ఆ చోటు పిన్నిది. పిన్ని దిట్టమైన మనిషి. "నా ఒళ్లు చూసి నవ్వినవాళ్లే అందరూ. ఇన్నాళ్లకి ఒకడు ముచ్చటపడి ఉద్యోగమిచ్చాడర్రా" అని మమ్మల్ని నవ్వించేది. సాయంత్రం దిగాక నడుం పట్టుకుని గోడవారన కూలబడేది. ఆ రోజు పిన్నికి జ్వరం. అందుకని బావ, బావకి తోడు రాయి.

పెద్ద మొద్దు ఒకటి గొర్రు పళ్లకి చిక్కింది. ట్రాక్టరు ముక్కు లేచింది. బావ గాల్లోకి లేచి, రాయిని పొట్టకి అదుముకున్నాడు. వదిలేసి దేన్నైనా పట్టుకోమని నేను అరుస్తూనే ఉన్నాను. ఆయనకి కూలి గుర్తుంది. వేరు ఫట్‌మని తెగింది. ముక్కు దభీమని నేలకి కొట్టుకుంది, ట్రాక్టరు ఒక్క దూకు దూకింది. ముందు రాయి పడింది, దాని పక్కనే బావ పడ్డాడు. చక్రం ఆయన ఛాతీ మీదుగా పోయాక బ్రేకు పడింది.

కంట్రాక్టర్ పరుగెత్తుకొచ్చాడు. వచ్చి వంగి చూసింది మా బావని కాదు. "రేడియేటర్‌కేమైనా తగిలిందేమో చూడరా" అన్నాడు.

అక్క కొడవలి పారేసి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాం. బావ తల ఒళ్లోకి తీసుకుంది. తర్వాత పక్కనున్న రాయిని చూపించి, "ఇది ఈయన దగ్గరికెలా వచ్చింది?" అని అడిగింది. సాయంత్రం ఆ రాయిని ఎత్తుకుని తన గదికి పట్టుకుపోయింది. రక్తం మీద కంట్రాక్టర్ మట్టి కొట్టించి, చీకటి పడేలోగా ఆ మొద్దు పీకించాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. తాగిన కూలీ సరదాకి ట్రాక్టరెక్కి పడ్డాడని రాసుకున్నాడు. మా బావ మందు ముట్టిన మనిషి కాదు. డ్రైవర్ అజాగ్రత్త అని కూడా రాసుకుని డ్రైవర్‌ని తీసుకుపోయాడు, కంట్రాక్టర్ మాట మీద వదిలేశాడు. షరతు ఒకటే. ట్రాక్టరు నడిపితే బయట, మానేస్తే లోపల.

బావని సాగనంపి వచ్చిన సాయంత్రం అందరం మిల్లు క్యాంటీన్ షెడ్డులో చేరాం. ఎవరూ పిలవకుండానే చేరాం. గొడవ కూడా ఎవరూ పిలవకుండానే మొదలైంది.

"ఆ ట్రాక్టర్‌ని తగలబెడదాం" అన్నాడు ఒకడు.

"తగలబెట్టి? మళ్లీ చేత్తో పీకుతావా?" అని లేచాడు ఫిట్టర్ మామ. మిల్లు నడిచిన రోజుల్లో యంత్రాలు బాగుచేసినవాడు. "నీ అరచేతులు చూసుకో. ముళ్లు దిగని చోటుందా? యంత్రం మీద నాకు పగ లేదురా. దాన్ని కొన్నవాడి మీద ఉంది."

"పని మానేస్తే పిల్లలకేం పెట్టాలి మామా?"

"పనికి పోతే రేపు ముక్కు మీద ఎవర్ని కూర్చోబెడతావు? నీ పెళ్లాన్నా?"

కొట్టుకునేదాకా వచ్చింది. పిన్ని ఒక మూల తల బాదుకుంటూ ఏడుస్తోంది. "అది నా చోటర్రా. నేను పోవాల్సినదాన్ని."

అప్పుడు డ్రైవర్ గుమ్మంలో కనిపించాడు. లోపలికి అడుగు పెట్టడానికి భయం. నలుగురు వాడి మీదికి దూకబోయారు. "చంపింది వీడే, పట్టుకోండి!"

"లోపలికి రా తమ్ముడూ" అంది అక్క.

వాడు వచ్చాడు. "బ్రేకు తొక్కానక్కా. నీ మీదొట్టు, తొక్కాను."

"ఆ పెద్ద గొర్రు నువ్వు కొన్నావా?"

"లేదక్కా."

"ఆ రాయి నువ్వు పెట్టావా?"

"లేదు."

"అయితే కూర్చో. రేపు ఏం కావాలని అడగాలో నడిపేవాడివి నువ్వే చెప్పాలి."

అక్కడితో అరుపుల దారి మారింది. ఫిట్టర్ మామ బొగ్గు ముక్కతో గోడ మీద ట్రాక్టరు బొమ్మ గీశాడు. పెద్దది కావాలన్నారు కొందరు. పెద్దది గేటులోనే ఇరుక్కుంటుందన్నాడు డ్రైవర్, ఈ చిన్నదే ఉండనివ్వమన్నాడు. ముందు స్లాషర్ రావాలి, కంపలోకి చేతులు పెట్టేది లేదన్నారు ఆడవాళ్లు. స్లాషర్ వస్తే వెనక గిర్రున తిరిగే ఇరుసుకి మూత ఉండాలి, చీర కొంగు తగిలితే మనిషిని చుట్టేసుకుంటుందన్నాడు మామ. ట్రాక్టరు శక్తికి తగ్గ చిన్న గొర్రు, ముక్కుకి ఇనప బరువులు, తిరగబడితే డ్రైవర్ నలిగిపోకుండా నెత్తి మీద ఇనప చట్రం. గోడ మీద బొమ్మ పెరుగుతూ పోయింది. "పనిలో పని, పిన్నికి గొడుగు కూడా పెట్టించండి" అన్నారెవరో. ఏడుస్తున్న పిన్ని కూడా నవ్వింది.

మిల్లులో మా తాతలు పనిచేశారు, తండ్రులు పనిచేశారు, మేం చేశాం. ఏ యంత్రం రావాలని ఎవరూ ఎన్నడూ మమ్మల్ని అడగలేదు. వచ్చిన యంత్రం ఎవరి వేలు తీసుకుంటే వాళ్లం ఇచ్చుకున్నాం. ఆ సాయంత్రం మొదటిసారి మా పనిముట్టుని మేం ఎంచుకున్నాం. గోడ మీద బొగ్గు బొమ్మే కావచ్చు. అయినా నా గుండె పొంగింది, ఎందుకు దాచాలి? అన్నిటికన్నా చివర అక్క ఒక మాట చేర్చింది. "డ్రైవర్ తప్ప ఇంకో మనిషి దాని మీద ఎక్కకూడదు. మిగతావన్నీ రేపు ఇస్తాడో ఎల్లుండి ఇస్తాడో. ఇది మాత్రం రేపే."

పొద్దున గేటు దగ్గర కంట్రాక్టర్ ముందే వచ్చి ఉన్నాడు. పక్కన పోలీసు వ్యాను, ఇన్‌స్పెక్టర్. వెనక లారీలోంచి దిగుతున్న కొత్త కూలీలు, ఎక్కడివాళ్లో, మాలాగే ఎండిన ముఖాలు. గొర్రు పైకెత్తి ఉన్న ట్రాక్టరు మీద డ్రైవర్ కూర్చుని ఉన్నాడు. ఫిట్టర్ మామ మా కోరికలన్నీ చెప్పాడు. కంట్రాక్టర్ పళ్లు కుట్టుకుంటూ విన్నాడు.

"అన్నీ కొందాం. వచ్చే ఏడాది" అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు. "నీకు మాత్రం అన్యాయం చెయ్యనమ్మా. మీ ఆయన చోటు నీకే ఇస్తాను. వాడికన్నా నీకు కాస్త కండ ఉంది. రాయి కూడా అక్కర్లేదు."

నా చేతిలో కొడవలి పైకి లేచింది. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"సరే" అంది అక్క.

అక్క గదికి వెళ్లి రాయి తెచ్చింది. రెండు చేతులా పొట్టకి అదుముకుని నడిచొచ్చింది.

"అక్కర్లేదన్నానుగా!" అని నవ్వాడు కంట్రాక్టర్.

అక్క ట్రాక్టరు ముక్కు దాటింది. దానివైపు చూడనైనా చూడలేదు. వెనక్కి వెళ్లి, గాల్లో వేలాడుతున్న గొర్రు ఎక్కి దాని ఇనప దూలం మీద కూర్చుంది. రాయి ఒళ్లో పెట్టుకుంది.

"అటు కాదే, ముందు!"

అందరికన్నా ముందు సంగతి తట్టింది పిన్నికి. ఇంకా జ్వరం తగ్గని మనిషి, చీర ఎగదోపి పరుగెత్తింది. "జరగవే, నాకూ చోటివ్వు." పిన్ని కూర్చోగానే ట్రాక్టరు ముందు చక్రాలు కదిలాయి. నేనెక్కాను, ఫిట్టర్ మామ ఎక్కాడు. చక్రాలు నేలని వదిలేశాయి. ట్రాక్టరు ముక్కు ఆకాశం వైపు తిరిగింది.

"పోనివ్వరా!" అని అరిచాడు కంట్రాక్టర్.

డ్రైవర్ ఇంజను తిప్పాడు. స్టీరింగ్ ఈ చివరికీ ఆ చివరికీ తిప్పాడు. గాల్లో చక్రాలు అటూ ఇటూ తిరిగాయి. "ఎటు పోనివ్వను సార్? స్టీరింగ్ నా మాట వినడం లేదు."

"గొర్రు దించు!"

"దించితే పళ్లు భూమిలో దిగుతాయి. ఇంతమంది ఎక్కాక మళ్లీ లేవదు."

"నీ సంగతి తెలుసుగా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ డ్రైవర్‌తో. "నడిపితే బయట."

డ్రైవర్ ఒక్క క్షణం అక్క ఒళ్లోని రాయి వైపు చూశాడు. ఇంజను ఆపాడు. తాళం తీసి గిరాటేశాడు. అది ఎగిరి వెళ్లి నిలువెత్తు ముళ్లకంపలో పడింది. స్లాషర్ కొనుంటే కంట్రాక్టర్ వెతుక్కునేవాడే.

కంట్రాక్టర్‌కి పిచ్చెక్కింది. కొత్త కూలీల మీద పడ్డాడు. "చూస్తారేంరా? ఎక్కండి! ముక్కు మీదెక్కి కిందికి దించండి!"

వాళ్లలో ఒక నెరిసిన మీసాలాయన ముందుకొచ్చాడు. బంపర్ మీద చెయ్యి వేశాడు. ఆయన అక్కడే ఆగి, "ఇంతకుముందు ఇక్కడ కూర్చున్న మనిషేడి?" అని అడిగాడు.

కంట్రాక్టర్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

"నా మొగుడన్నా ఆయన" అంది అక్క వెనకనుంచి. "నిన్ననే మట్టి చేసి వచ్చాం. ఈ రాయి ఒళ్లో పెట్టి కూర్చోబెట్టారు."

ఆయన బంపర్ మీద చెయ్యి తీసేశాడు.

అప్పుడు లాఠీలు లేచాయి. పిన్నిని జుట్టు పట్టుకుని లాగి నేలకేసి కొట్టారు. ఫిట్టర్ మామ కళ్లద్దాలు పగిలాయి, కంట్లోంచి రక్తం కారింది. డ్రైవర్‌ని సీట్లోంచి ఈడ్చి బూట్లతో తొక్కారు. అక్క మాత్రం రాయి వదల్లేదు. ఇన్‌స్పెక్టర్ ఆమె వేళ్ల మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆ చప్పుడు నేను చచ్చేదాకా మరిచిపోను. రాయి జారి మట్టిలో పడింది, ట్రాక్టరు ముక్కు కూడా నేలకి దిగింది.

మమ్మల్ని గోనె సంచుల్లా వ్యాన్లోకి విసిరారు. అక్క విరిగిన చేతిని చీర కొంగులో చుట్టుకుంది. ఏడవలేదని చెప్పను. ఏడ్చింది. బావ పోయినప్పటినుంచి దాచుకున్న ఏడుపంతా అప్పుడే ఏడ్చింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తున్నాను.

నెరిసిన మీసాలాయన వంగి మట్టిలోంచి రాయి తీసుకున్నాడు. వెనక్కి నడిచి గొర్రు మీద కూర్చున్నాడు. ఆయన వెనక లారీలో వచ్చినవాళ్లు కదిలారు. మా గదుల్లోంచి ముసలివాళ్లు, చంటిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులు వస్తున్నారు.

"అక్కా, లేచి చూడు" అన్నాను.

అక్క లేచి ఊచల దగ్గరికొచ్చింది. వ్యాను మలుపు తిరుగుతోంది. ట్రాక్టరు ముక్కు మళ్లీ పైకి లేచింది.