ముందుగా ఇల్లు చేరిన సైకిల్

పొద్దున్న ఏడు. మంచు. గుణదల కొండ మీది శిలువ కూడా కనపడటం లేదు.

షాహీదా పొయ్యి మీద టీ పెట్టింది. ఆదివారం కదా, భర్త రవూఫ్ ఇంకా ముసుగు తన్ని పడుకున్నాడు. కూతురు సనోబర్ చీకటితోనే గేర్ల సైకిలేసుకుని కొండపల్లి వైపు వెళ్ళింది. వచ్చేసరికి టీ లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది.

గేటు కిర్రుమంది.

"వచ్చావా? బురద కాళ్ళతో లోపలికి రాకు," అంది షాహీదా, వెనక్కి తిరక్కుండానే.

బయటికొచ్చి చూస్తే సైకిలొక్కటే వచ్చింది. రోజూ నిలబడే చోటే గోడకి ఆనుకుని ఉంది. ఒళ్ళంతా బురద. వెనక గేర్లు మార్చే డీరైలర్ ఊడి చైనుకి వేలాడుతోంది. దాన్ని బిగించే చోట ఫ్రేము చీలింది, వెనక గొట్టం లోపలికి వంగింది. తిరగని చక్రాన్ని ఈడ్చుకుంటూ వచ్చినట్టుంది. వాకిట్లో దాని గీత ఉంది, తారు రోడ్డు మీద లేదు, ఎటునుంచి వచ్చిందో తెలియలేదు.

సీటు కింద ఆకుపచ్చ గుడ్డ పీలిక తడిసి ఉంది. అది చూడగానే షాహీదా చేతిలోంచి టీ గరిటె జారిపోయింది.

అది ఇమామ్ జామిన్. నాణెం చుట్టిన గుడ్డని ప్రయాణమయ్యేవాళ్ళ జబ్బకి కడతారు. కట్టించుకున్నవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరతారు. సనోబర్ కట్టించుకోదు. "నేనేమన్నా హజ్‌కి పోతున్నానా అమ్మీ? చెమటకి దురద," అంటుంది. పోయిన వారం విసుగొచ్చి షాహీదా దాన్ని సైకిలుకే కట్టేసింది. పిల్లకి కట్టినా, పిల్లని మోసేదానికి కట్టినా ఒకటే అనుకుంది.

దేనికి కట్టిందో అదే ఇల్లు చేరింది.

కూతురి ఫోను పలకలేదు. రవూఫ్ చొక్కా తిరగేసి తొడుక్కుని, స్కూటర్ మీద కొండపల్లి రోడ్డు పట్టాడు. షాహీదా సైకిలు ముందు కూలబడింది.

"దాన్నెక్కడ వదిలేశావే?"

సైకిలు హ్యాండిల్ గేటు వైపు తిప్పింది. జానెడు కదిలింది. చైను చక్రంలో ఇరుక్కుని పక్కకి పడిపోయింది.

షాహీదా లేచి, "శౌరన్నా!" అని కేక పెట్టింది.

పక్కింటి బాలశౌరికి ఆటోనగర్‌లో వెల్డింగ్ పని. ఇంటి వెనక రేకుల కింద కూడా సిలిండర్లున్నాయి. చర్చిలో పూజకి వెళ్ళబోతూ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. సైకిలు చూసి, చొక్కా విప్పి దండెం మీద వేశాడు.

"డీరైలర్ స్పోకుల్లోకి దూరి నలిగిపోయిందమ్మా. ఆదివారం ఈ ముక్క ఎక్కడా దొరకదు."

"గేర్లెందుకన్నా? వచ్చిన దారిన మళ్ళీ నడిస్తే చాలు."

"నడిపిస్తా. ఒక్క గేరే ఉంటది. సాయంత్రం మీ పిల్ల నన్ను తిట్టిపోస్తది."

"తిట్టనీ అన్నా. తిట్టనీ."

డీరైలర్ కోసి పారేశాడు. చైను కురచ చేసి నడిమి పళ్ళ చక్రం మీద వేశాడు. గొట్టాన్ని కాలితో తొక్కి సాపు చేశాడు. మంట దగ్గరికి తేగానే సైకిలు వణికింది.

"గట్టిగా పట్టుకో, బెదురుతోంది."

చెవులు కుట్టించిన రోజు సనోబర్‌ని పట్టుకున్నట్టే పట్టుకుంది. అరచేతి కింద గొట్టంలో ఏదో టకటకా కొట్టుకుంటోంది. అతుకు పోసే ఇత్తడి కరిగి చీలికలో నిండేదాకా అట్లాగే పట్టుకుని ఉంది.

అప్పుడు గుడ్డ ముడి విప్పింది. ఇల్లు చేరమని కట్టింది విప్పకపోతే, సైకిలు ఇల్లు విడిచి ఎట్లా వెళుతుంది?

సైకిలు కదిలింది. కొండపల్లి వైపు కాదు, ఏలూరు కాలువ గట్టెక్కింది. సీటు పట్టుకుని షాహీదా పరుగు. వెనక బనీనుతో బాలశౌరి, "కొత్త అతుకే, గుంటలు చూసుకో!" అని సైకిలుకి చెబుతూ పరుగు. పాలక్యాన్ల మోటార్ సైకిలాయన మర్యాదగా పక్కకి జరిగి దారిచ్చాడు.

రామవరప్పాడు దాటాక ఆగింది. అంతా మంచు. సైకిలు బెల్లు తనంతట తనే మోగింది.

"అమ్మీ..." గట్టు కింద నుంచి.

గుర్రపుడెక్కలో పిల్ల. కాలు రాళ్ళ సందున ఇరుక్కుంది. తెల్లవారుజామున కాలువకి వదిలిన నీళ్ళు పెరిగి పెరిగి గడ్డం దాకా వచ్చాయి. షాహీదా నీళ్ళలోకి దిగింది. కాలు ముట్టుకోలేదు. ముందు జబ్బకి గుడ్డ కట్టింది. సనోబర్ ఈసారి చెయ్యి లాక్కోలేదు. తరవాతే బాలశౌరి రాయిని దొర్లించాడు. ఇద్దరూ కలిసి పైకి లాగారు.

"కొండపల్లి రోడ్డు మీద మంచు... లారీలు. భయమేసి ఇటు తిప్పా అమ్మీ."

"మాట్లాడకు."

సాయంత్రం. మంచు పోయింది. కొండ మీది శిలువ కనిపిస్తోంది. ఆసుపత్రి నుంచి వచ్చి, షాహీదా గుమ్మంలో కూర్చుంది. ఆ హడావిడిలో సైకిలుని తేవాలని ఎవరికీ గుర్తురాలేదు. గట్టు మీదే ఉండిపోయింది. దానికిప్పుడు గుడ్డ కూడా లేదు.

లోపల సనోబర్ కట్టుకాలు దిండు మీద పెట్టుకుని, "ఒక్క గేరా! అంకుల్‌కి బుద్ధుందా!" అంటోంది. ప్రహరీ అవతల బాలశౌరి పగలబడి నవ్వుతున్నాడు.

ఇల్లు చేరినవాళ్ళని లెక్కపెడుతూ షాహీదా వేళ్ళు మడిచింది. సనోబర్. కొండపల్లి నుంచి రవూఫ్. తను. శౌరన్న.

బొటనవేలు మడవకుండా కూర్చుంది. టీ చల్లారింది.

గేటు కిర్రుమంది.

"బురద చక్రాలతో లోపలికి రాకు," అంది, వేలు మడుస్తూ. "ఐదు."