జేబులో దొరికినవి

బట్టలు ఉతికే యంత్రంలో వేసే ముందు జేబులన్నీ తిరగేసి చూడడం పెద్దమ్మకు పంతొమ్మిదేళ్ల అలవాటు. విశ్వవిద్యాలయం ఆడపిల్లల హాస్టల్లో, మెట్ల కింది గదే ఆమె లాండ్రీ. పిల్లలంతా పెద్దమ్మా అనే పిలవడంతో అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. జేబులో ఏది దొరికినా, చెవిపోగైనా ప్రేమలేఖైనా, కాగితంలో పొట్లం కట్టి ఇస్త్రీ మడత మీద పెట్టి అప్పగించేది. ఒక్క ఉత్తరమైనా విప్పి చదవలేదు. గొప్పగా చెప్పుకోవడానికి బతుకులో ఇంకేమీ లేదు కనుక, ఈ ఒక్కదాన్నీ కాస్త ఎక్కువగానే చెప్పుకునేది.

ఆ ఉదయం ఇరవై రెండో గది పిల్ల ప్యాంటు జేబులో మాత్రల అట్ట దొరికింది. ఆ నెలలో అది మూడోసారి. మొదటిసారి అడిగితే, "నా ఫ్రెండుకి డాక్టరు రాసినవి పెద్దమ్మా. వేసుకుంటే నిద్ర రాదు, చదివింది బుర్రకెక్కుతుంది. సగం హాస్టలు ఇవే మింగుతోంది" అని నవ్వేసింది. డాక్టరు రాసిన మందే కదా అని పెద్దమ్మ ఊరుకుంది. ఎవరికి రాసిందన్నది ఆలోచించలేదు.

ఇప్పుడు ఆ ప్యాంటు నడుము దగ్గర బిగుతుకోసం రెండు పిన్నీసులున్నాయి. కిందటి నెల ఒకటే ఉండేది. పెద్దమ్మ మనసు కీడు శంకించింది. అట్టను చెత్తబుట్టలో పడేసింది. రెండడుగులు వేసి, పరాయి పిల్ల వస్తువు పారేయడానికి నేనెవర్ని అనుకుని మళ్లీ తీసింది.

అంతలో ఆ పిల్లే వచ్చింది. కళ్లు గుంటలు పడ్డాయి, పెదాలు ఎండి పగిలాయి, చేతివేళ్లు వణుకుతున్నాయి.

"పెద్దమ్మా, నా మాత్రలు దొరికాయా? గదంతా గాలించాను."

"దొరికాయి గానీ, అద్దంలో చూసుకున్నావా అమ్మడూ? గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావు. ఇవాళ్టికి మానెయ్యి."

"ఇవాళే ఆఖరి పరీక్ష. ఇదొక్కటి గట్టెక్కనీ. సాయంత్రం నీ ఎదురుగా కూర్చుని కడుపునిండా తింటా, సరేనా?"

పెద్దమ్మ ఇచ్చేసింది. పిల్ల అక్కడే రెండు నోట్లో వేసుకుని, కుళాయి నీళ్లు తాగి, ఆమె బుగ్గ గిల్లి పరిగెత్తింది.

మధ్యాహ్నం వార్డెన్ వచ్చి చెప్పింది. పరీక్ష రాస్తూ రాస్తూ ఆ పిల్ల గుండె పట్టుకుని బల్ల మీదికి ఒరిగిపోయిందట. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేదట. "వాళ్ల నాన్నగారు వస్తున్నారు. బట్టలుంటే సర్దిపెట్టు" అంది. పెద్దమ్మ సర్దింది. ఏడుపు తర్వాత మొదలైంది. మొదలయ్యాక ఇక ఆగలేదు.

సాయంత్రం తండ్రి వచ్చాడు. బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎన్నటికీ చెప్పలేనని పెద్దమ్మకు తెలుసు.

"పొద్దున ఆ మాత్రలు నేనే ఇచ్చానయ్యా."

ఆయన లేచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "జ్వరమొచ్చిందా తల్లీ దానికి? మాకు చెప్పనే లేదు. కన్నతల్లిలా చూసుకున్నావు. నీ మేలు మరిచిపోను."

 ఆయన చేతులు వదిలాక, కింద జారిన సంచి తీసి అందించి, గుమ్మందాకా సాగనంపింది.

వెనక వరండాలో, ఆరలేదని సంచిలో పెట్టని ఆ పిల్ల ఉన్ని మేజోడు ఒకటి, బొటనవేలి దగ్గర చిరుగుతో, దండెం మీద ఇంకా తడిగానే వేలాడుతోంది.