జపమాల మాత గంట

బెల్మీరో వ్యాన్ అద్దం తుడుస్తూనే ఉన్నాడు. ఔరో ప్రెతో ఊరి కొండల మీద పొద్దుటి మంచు ఇంకా వదల్లేదు, తుడిచిన చోటే మళ్ళీ చెమ్మ పడుతోంది. పొట్టి మనిషి. స్టీరింగ్ పట్టి పట్టి అరచేతులు కాయలు కాచాయి, నడుము కాస్త ఎడమకి ఒరిగిపోయింది. పక్కన నిలబడితే ఎవరి కంటా పడని మనిషి. ఇంకా హోటల్లోంచి ఒక్క యాత్రికుడైనా దిగి రాలేదు. బ్రెడ్డూ బొప్పాయీ ముగించేదాకా సావ్ పౌలో వాళ్ళు కదిలితే కదా.

తెల్లవారుతూనే నయీర్ ఫోన్ చేసింది. సావ్ జొవావ్‌లో బెల్మీరో వాళ్ళ పక్కింటావిడ. ఫాదర్ వచ్చి ఎర్సీలియాకి కడసారి ప్రార్థన చేసి నూనె పూసి వెళ్ళారట, సాయంత్రం దాకా ఆగుతుందో లేదో, నువ్వు బయల్దేరు అంది. బయల్దేరడమే అతని ఉద్యోగం. కాకపోతే వ్యాన్ నిండా మనుషుల్ని వేసుకుని, వాళ్ళు ఆగమన్న చోటల్లా ఆగుతూ బయల్దేరాలి. యజమాని ఆన్సెల్మోకి ఫోన్ చేసి, ఇంకో డ్రైవర్ని చూడమని బతిమాలాడు. సెలవుల రద్దీలో ఎక్కణ్ణుంచి తెమ్మంటావు, అయినా వ్యాన్ పోయేది మీ ఊరికేగా అన్నాడు ఆయన. మాట నిజమే. బెల్మీరో ఫోన్ జేబులో పెట్టి మళ్ళీ గుడ్డ అందుకున్నాడు.

ఎర్సీలియా అతని అక్క, జపమాల మాత చర్చి భక్తసంఘంలో మనిషి. అమ్మ పోయాక పెళ్ళీ పెటాకులూ మానుకుని తమ్ముణ్ణి పెంచింది. పోయేవాళ్ళ చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి పెట్టడం మా వైపు ఆనవాయితీ. చీకట్లో దారి తప్పకుండా ఉండాలని, అదీ రక్తసంబంధం ఉన్నవాళ్ళే పెట్టాలని. అమ్మ చేతిలో ఎర్సీలియా పెట్టింది. తన చేతిలో బెల్మీరో పెట్టాలని ఏనాడో మాట తీసుకుంది. "నువ్వే రావాలి రా. ఆ నయీర్‌కి అప్పజెప్పావంటే దుప్పటికి నిప్పంటించి నన్ను బతికుండగానే కాల్చేస్తుంది" అనేది. నయీర్ ఎదురుగానే అనేది. ఇద్దరూ పగలబడి నవ్వుకునేవాళ్ళు.

కొంగోన్యాస్‌లో చర్చి ముందున్న రాతి ప్రవక్తల విగ్రహాల దగ్గర అందరూ ఫోటోలు దిగారు. ఒక్కో ప్రవక్త పక్కనా ఒక్కో భంగిమ. బెల్మీరో ఎప్పుడూ చెప్పేదంతా చెప్పాడు: ఈ కొండల్లో బంగారం దొరికిన సంగతీ, తవ్వింది బానిసలైతే తిన్నది పోర్చుగల్ రాజని, మిగిలిన పూత మా చర్చిల గోడలకి అంటుకుందని. నోరు దాని పాటికది చెప్పుకుపోయింది. భోజనాల దగ్గర చిక్కుడుగింజల ముద్దా పంది మాంసమూ వడ్డిస్తే ఒక్క ముద్ద దిగలేదు. కాఫీ మాత్రం తాగాడు.

అసలు ఆలస్యం ఆ తర్వాత జరిగింది. దారిలో ఓ పాత గని పక్కన వాగు ఉంది. అక్కడ యాత్రికుల చేతికి చెక్క పళ్ళెం ఇచ్చి బంగారం కోసం ఇసుక కడగనిస్తారు. ఈ పూటకి అది మానేద్దామా అని బెల్మీరో మెల్లగా అడిగి చూశాడు. టికెట్లో ఉంది కదా అన్నారు, తప్పేముంది, ఉన్నమాటే. కారణం చెబితే ఆగేవాళ్ళేమో. చెప్పబోయాడు కూడా. కానీ అక్క పోతోంది అని నోటితో అంటే తనే పంపేసినట్టవుతుందేమోనని భయపడ్డాడు. పాపం, ఆ భయమే కొంప ముంచింది. మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి ఓ పెద్దాయన పళ్ళెం తిప్పుతూనే ఉన్నాడు. నలుసు కనబడేదాకా కదలనన్నాడు. కనబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. దాన్ని చిన్న సీసాలో వేయించుకునే పని మళ్ళీ మొదలైంది. బెల్మీరో గట్టున నిలబడి, కొండ నీడ వాగు దాటి రోడ్డెక్కడం చూస్తూ ఉండిపోయాడు.

సావ్ జొవావ్ రాతి వంతెన ఎక్కేసరికి ఎండ పసుపుపచ్చబడింది. అప్పుడే గంట మోగింది.

మా ఊళ్ళో గంటలు మాట్లాడతాయి. ఏ భక్తసంఘం మనిషి పోతే ఆ సంఘం చర్చిలోనే కొడతారు. వ్యాన్‌లో కిటికీలన్నీ దిగాయి, ఫోన్లన్నీ పైకి లేచాయి. ఎంత బాగుందో అన్నారెవరో. ముందు సీట్లో ఉన్న టీచరమ్మ పొద్దున్నించీ అన్నీ అడిగి తెలుసుకుంటోంది. ఇదీ అడిగింది.

"దేనికి కొడుతున్నారు డ్రైవర్ గారూ?"

"ఎవరో పోయారమ్మా."

"అంటే మగవాళ్ళా, ఆడవాళ్ళా?"

బెల్మీరో విన్నాడు. రెండు విడతలు కొట్టి గంట ఆగిపోయింది. మూడోది కొడతారేమోనని ఊపిరి బిగబట్టాడు. కొట్టలేదు.

"మగవాడికైతే మూడు విడతలు కొడతారమ్మా. రెండంటే ఆడమనిషి."

"ఏ చర్చి ఇది?"

"జపమాల మాత చర్చి."

"మళ్ళీ కొడతారా? నాది సరిగ్గా రికార్డవలేదు. ఒక్క నిమిషం ఆపుతారా?"

బెల్మీరో ఆపాడు. ఎందుకు ఆపాడో తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయాడు. ఆగమన్నప్పుడు ఆగడం అలవాటైన కాలు, బ్రేకు మీదకి వెళ్ళింది, అంతే. వంతెన మీద వ్యాన్ నిలిచింది. గంట మళ్ళీ మొదటినుంచీ మోగింది, ఈసారీ రెండే విడతలు. అందరూ కదలకుండా, మర్యాదగా, ఫోన్లు పట్టుకుని విన్నారు. అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టి వాళ్ళతోపాటే విన్నాడు. ఏడుపు రాలేదు.

హోటల్ దగ్గర పెట్టెలన్నీ దించి, మేడ మీదికి మోశాడు. టీచరమ్మ అతని ముఖం చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. అలసట అన్నాడు. వ్యాన్ అక్కడే వదిలేసి సందులోకి నడిచాడు. పరుగెత్తాల్సిన పని ఇక లేదు.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. చిన్న గది, అందులో ఇరుగుపొరుగంతా గోడల వెంట నిలబడి ఉన్నారు. ముసలాళ్ళు కూడా నిలబడే ఉన్నారు. ఎర్సీలియాకి తెల్ల గౌను తొడిగారు. దుప్పటి మీద మైనం చుక్క ఒక్కటి లేదు. నయీర్ ఎదురొచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"కొవ్వొత్తి నేనే పెట్టాను నాయనా. వస్తున్నాడు, వస్తున్నాడని ఆపుతూనే ఉన్నాను. ఇంక ఆగలేకపోయింది" అంది. అని ఏడ్చేసింది. "కూర్చో. ఆ కుర్చీ నీకే. పొద్దున్నించీ దాంట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఫాదర్ కూడా నిలబడే ప్రార్థన చేశారు. బండి తోలి తోలి వాడికి నడుము పట్టేసి ఉంటుంది, మెత్తగా పెట్టండి అని మీ అక్కే తీయించింది."

బెల్మీరో అక్క వైపు చూశాడు. తల ఉత్త పరుపు మీద వెనక్కి వాలి ఉంది. మంచం పక్కన ఖాళీ కుర్చీ, దాని వీపుకి ఆనించి ఆమె దిండు.