వంటింటి కప్పు మీది రేకు

ఆ ఉదయం మబ్బు కురవనూ లేదు, విడవనూ లేదు. తడిబట్ట ఆరేసినట్టు ఇళ్ల మీద వేలాడుతూ ఉంది. అచ్చులాయన కొట్టు షట్టరు సగం ఎత్తి, మిగతా సగం ఎత్తే ఓపిక లేక అలాగే వదిలేశాడు.

ముప్ఫై ఏళ్లుగా ఆయన పని ఒక్కటే. ఉక్కు అచ్చు నిలబెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేసి, లోహం మీద అక్షరం దించడం. మోటార్లకు నంబర్లు, తాళాలకు బిళ్లలు, తలుపులకు పేర్లు. ఏది కొట్టాలన్నా ముందు మెత్తటి అల్యూమినియం రేకు మీద కొట్టి చూసుకుంటాడు. ఉక్కు మీద తప్పు పడితే దిద్దడం కుదరదు.

సగం ఎత్తిన షట్టరు కింద నుంచి ఒకామె వంగి లోపలికి వచ్చింది. లిఫ్టు మెకానిక్ భార్య. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. రెండు నెలల కింద మెకానిక్ జ్వరంతో పోయినప్పుడు అచ్చులాయన వెళ్లి, జనం వెనక కాసేపు నిలబడి వచ్చాడు.

"బాబాయ్ గారూ, నిరుడు మీరు ఆయనకి ఒక ఉక్కు పలక కొట్టిచ్చారు. గుర్తుందా?"

గుర్తు లేకపోవడమేం. చుట్టరికం లేకపోయినా మెకానిక్ ఆయన్ని మావయ్యా అనేవాడు. ఆ రోజు జేబులోంచి ఒక చీటీ తీసి, అటూ ఇటూ చూసి చేతిలో పెట్టాడు. పన్నెండు ఇంగ్లీషు మాటలు.

"ఇవి కొట్టు మావయ్యా. చదవకు."

"నాకు అక్షరాలొచ్చుగానీ మాటలు రావురా. ఏంటివి, నీ లిఫ్టులో పైకెళ్లే మంత్రాలా?"

"డిజిటల్ కరెన్సీ."

"ఫోనులో డబ్బేగా. టీ కొట్టువాడికి నేనూ కొడుతున్నా."

"అది కాదు. నువ్వు కొట్టే డబ్బు బ్యాంకులో ఉంటుంది, ఫోను కబురు మోస్తుందంతే. జనం రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు, అక్కడే చిక్కు. నాది నోటు కాదు, బిళ్ల కాదు, బ్యాంకులోనూ లేదు. ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో రాసి ఉంటుంది. ఈ పన్నెండు మాటలే దాని తాళంచెవి. ఎవడి దగ్గరుంటే వాడిదే డబ్బు. పోతే అడగడానికి కౌంటరుండదు, మేనేజరుండడు."

"తాళంచెవి నా చేతిలో పెట్టావేంరా మరి?"

"నువ్వు మాట్లాడవుగా మావయ్యా. నీ నోరు తెరిపించాలంటే అత్తయ్యే రావాలి. సరేగానీ, ముందు కొట్టి చూసుకునే రేకు తర్వాత చెరిపెయ్యాలి. మాటివ్వు."

"చెరిపేస్తాలే."

పలక కొట్టిచ్చిన ఆ సాయంత్రమే వాన వచ్చింది. కొట్టు వెనకే వంటగది. సరిగ్గా పొయ్యి మీద కప్పు కారింది. లోపల్నుంచి భార్య కేక. చేతికందింది ఇంకా చెరపని ఆ రేకే. నిచ్చెన వేసుకుని ఎక్కి, నాలుగు మేకులు దిగ్గొట్టి వచ్చాడు. రేపు వేరే రేకు తెచ్చి దీన్ని మార్చేద్దాం అనుకున్నాడు. మర్నాటికి మోకాళ్లు పట్టేశాయి. ఆ రేపు ఏడాదైంది. మధ్యలో ఒకసారి టీ కొట్టు దగ్గర మెకానిక్ అడిగాడు, "చెరిపావా మావయ్యా?" అని. ఆయన తల ఊపాడు. అబద్ధం ఆడటానికి నోరు కూడా అక్కర్లేకపోయింది.

"ఆయన పనిముట్ల పెట్టె పాత ఇనుముకి అమ్మేశాను బాబాయ్," అంటోంది మెకానిక్ భార్య. "పలక దాని అడుగున ఉందని తెలీదు. కొన్నవాళ్లని అడిగితే ఎప్పుడో కరిగిపోయుంటుంది పొమ్మన్నారు. ఫోను లాక్ తియ్యబోయి ఏవేవో అంకెలు నొక్కాను, అందులో ఉన్నదంతా తుడుచుకుపోయింది. ఇప్పుడుంటున్న గది కంపెనీది. ఆదివారంకల్లా ఖాళీ చెయ్యాలి. కొత్త గదికి అడ్వాన్సు లేదు."

ఆయన చూపు వంటగది కప్పు మీదికి పోయింది.

"మీ దగ్గర ఏదైనా మిగిలిందేమోనని వచ్చాను. ఉండదనుకోండి. మావయ్య చెరిపేశాడు, మావయ్య మాటంటే మాటే అనేవాడు ఆయన ఎప్పుడూ."

అచ్చులాయన సుత్తి కింద పెట్టాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తుడవడానికి వాటికేమీ అంటలేదు.

"చెరపలేదమ్మా. చెరిపానని వాడికి అబద్ధం చెప్పాను."

అని, వంటగది వైపు తిరిగి, "ఏమే, నిచ్చెన పట్టుకో," అన్నాడు.

భార్య గరిటెతో సహా బయటికొచ్చింది. "వాన ముంచుకొస్తుంటే ఇప్పుడు నిచ్చెనెందుకు? మొన్న బల్బు మార్చమంటే మోకాళ్లన్నావుగా?"

సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె కప్పు వైపు చూసింది.

"అంటే ఏడాదిగా ఆ డబ్బు నా నెత్తి మీదుందా?"

"నీ నెత్తి మీద ఉన్నది రేకు."

"పచారీ కొట్టువాడికి కనపడకుండా నేను సందుల్లోంచి తిరుగుతుంటే!"

"మనది కాదుగా. పట్టుకో."

ఒక్కో మెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. మూడు మేకులు వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి రాలేదు. దాని చుట్టూ రేకు కత్తిరించాడు. అది దిగేసరికి మొదటి చినుకులు పడ్డాయి.

నాచు గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే అక్షరాలు తేలాయి. మెకానిక్ భార్య గోడకానుకుని తన ఫోనులో ఆ కరెన్సీ యాప్ తెరిచి ఒక్కో మాటా కొట్టింది. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి ఒక చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. వాన పెద్దదైంది. అచ్చులాయన ఆమె ముఖం చూడలేక అచ్చుల పెట్టెలోని అక్షరాలను వరసగా పేర్చాడు. అవి అప్పటికే వరసగా ఉన్నాయి.

"తెరుచుకుంది," అంది. చాలాసేపు చూసింది.

"ఎంతమ్మాయ్?" అంది భార్య.

"అడక్కు," అని కసిరాడు ఆయన.

"ఫరవాలేదు బాబాయ్. అడ్వాన్సుకి సరిపోతుంది. ఒక నెల అద్దెకి కూడా." ఫోను కిందికి దించింది. "ఇల్లు కొంటాననేవాడు. నిరుడు దీని ధర చాలా ఉండేదట. పడిపోయింది. పొద్దున ఒక ధర, సాయంత్రం ఒక ధరట. ఈ రోజే మార్చి చేతిలోకి తీసుకుంటాను."

పన్నెండు మాటలూ కాగితం మీద రాసి, రేకుతో సరిచూసుకుని, మడిచి పర్సు లోపలి అరలో పెట్టుకుంది. వెనక వంటగదిలో పొయ్యి మీద నీళ్లు పడి చుయ్యిమంది.

"రేకు మళ్లీ పైన వేసెయ్యండి బాబాయ్. ఇల్లంతా తడిసిపోతోంది."

"ఉండమ్మా."

రేకును దాగలి దిమ్మ మీద పరిచాడు. సుత్తి అందుకుని మొదటి మాట మీద కొట్టాడు. అక్షరాలు నలిగి, చదునై, మాయమయ్యేదాకా కొట్టాడు. తర్వాత రెండోది. పన్నెండోది అయ్యేసరికి ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. రేకు మడతలు పడి, నడిమికి చీలి, ఇక ఏ కప్పుకీ పనికిరాకుండా పోయింది.

"చెరిపేశాను," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

బయట అడుగు పెట్టలేని వాన. మెకానిక్ భార్య చెప్పులు వేసుకోబోయింది. అచ్చులాయన భార్య ఆ చెప్పుల్ని కాలితో గోడవారకి జరిపింది. కారే చోట గిన్నె పెట్టింది, పొయ్యిని మూలకి లాగింది, మూడు కంచాలు వేసింది.

ముగ్గురూ తడవని మేర చూసుకుని దగ్గరదగ్గరగా కూర్చున్నారు. గిన్నె సగం నిండగానే భార్య ఎడమచేత్తో ఎత్తి బయటికి పారబోసి మళ్లీ అక్కడే పెట్టింది. ఖాళీ గిన్నెలో చినుకులు మొదట గట్టిగా, తర్వాత మెల్లగా పడ్డాయి. ఆమె మెకానిక్ భార్యకి మళ్లీ అన్నం వడ్డించింది. తిన్నారు.