అడుగున ఉన్న రంగు

ఎమరాల్డ్ అనే ఊళ్ళో పచ్చలు దొరకవు. అక్కడికి గంట దూరంలో రూబీవేల్ అనే ఊరుంది, అక్కడ కెంపులు దొరకవు. ఆ చుట్టుపక్కల నేల తవ్వితే దొరికేవి నీలాలు. పోనీ అవైనా నీలంగా ఉంటాయా అంటే, సగం ఆకుపచ్చగానో పసుపుగానో ఉంటాయి. అక్కడికి వెళ్ళిన మనిషికి బుర్ర తిరిగిపోతుంది. నేను ముందే బుర్ర తిరిగి వెళ్ళాను కాబట్టి పెద్ద తేడా తెలియలేదు.

మా ఆయన వంశీధర్ స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని మా ఇంటి నుంచి రోజంతా కారు నడిపి, నన్నూ మా అత్తగారు సీతాదేవినీ అక్కడికి తీసుకెళ్ళాడు. మర్నాడు టూరు. దాని పేరే ‘గని నుంచి నగ దాకా’. పొద్దున నేల కింద గని చూపిస్తారు. తరవాత మన చేతే మట్టి కడిగించి రాళ్ళు ఏరిస్తారు. మధ్యాహ్నం సానపట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తారు, కావాలంటే ఉంగరంలో పొదిగించి ఇస్తారు.

ఇదంతా ఎందుకంటే, తెనాలి సిద్ధాంతిగారు నేను కనకపుష్యరాగం, అంటే ఈ నీలాల్లోనే పసుపు రంగుది, పెట్టుకుంటే మంచిదన్నారట. మెరుపు కోసం కొలిమిలో వేడిపెట్టిన రాయి పనికిరాదట. వీలైతే స్వహస్తాలతో సంపాదించుకున్నది మరీ శ్రేష్ఠమట. ‘వీలైతే’ అన్న ముక్క మా ఆయనకి వినపడలేదు. ఆ పూటే టూరు బుక్ చేసేశాడు.

“థర్డ్ అటెంప్ట్ కదా శేషూ. ఎనీథింగ్ దట్ హెల్ప్స్” అన్నాడు.

నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివాను. ఈ దేశంలో డాక్టరుగా పనిచేయాలంటే మళ్ళీ పరీక్ష రాయాలి. వరసగా గదులుంటాయి. ఒక్కో గదిలో రోగిలా నటించే మనిషి ఒకరు, చూస్తూ కూర్చునే పరీక్షకులు ఒకరు. గంట మోగేలోపు రోగమేమిటో తేల్చాలి. నాకు మూడు రోగాలు తోస్తాయి. మూడింట్లో ఏది చెప్పాలో తేల్చుకునేలోపు గంట మోగుతుంది. రెండుసార్లు తప్పాను. ప్రస్తుతం ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, అన్నం తినిపిస్తున్నాను. ఆ పనంటే నాకు చిన్నచూపు లేదు. ‘షీ ఈజ్ ఎ డాక్టర్’ అని మా ఆయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పడమే భరించలేను.

మూడోసారికి సీటు బుకింగ్ సోమవారం. నేను రాయను. ఆ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఈ ప్రయాణంలో చెబుదామనుకున్నాను. రాయను అంటున్నానే కానీ అదీ గట్టి మాట కాదు. పొద్దున లేవగానే ఇక నా వల్ల కాదనిపిస్తుంది. డ్యూటీలో ఎవరికైనా ఆయాసం వస్తే, నర్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చినప్పుడు రాసి తీరాలనిపిస్తుంది. ఇంటికొచ్చేసరికి రెండూ కాదనిపిస్తుంది.

ఇక మా అత్తగారు. ఆవిడ వచ్చి కొన్ని నెలలయింది. మా ఇద్దరికీ తగవంటూ ఉంటే అది బట్టలారబెట్టే డ్రయ్యర్ గురించే. “పెరట్లో ఎండ ఇంత కాస్తుంటే ఆ మిషనెందుకే” అని వచ్చిన కొత్తలో రోజూ సాధించేది. ఈమధ్య ఎందుకో మానేసింది. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిందేమో అనుకున్నాను.

టూరు గైడు పేరు డారెల్. ఎర్రగడ్డం, నవ్వు మొహం. మెట్లు దిగి గనిలోకి వెళ్ళగానే అందరినీ ఏం చేస్తుంటారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, “మై వైఫ్ ఈజ్ ఎ డాక్టర్” అన్నాడు.

“గ్రేట్! ఎవరైనా జారిపడితే మాకు దిగుల్లేదన్నమాట” అన్నాడు డారెల్.

అప్పటికే నేల కింద ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే భూమిని చీలమని అడిగేదాన్ని. డారెల్ లైటు వేసి గోడలో గులకరాళ్ళ చార చూపించాడు. ఎప్పటిదో పాత ఏటి అడుగట. నీలాలు అందులోనే ఉంటాయట.

“ఎక్కడుందో ముందే ఎలా తెలుస్తుంది?” అని అడిగాడు వంశీ.

“తెలియదు మేట్. తవ్వి, కడిగి చూసుకోవాల్సిందే.”

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. రాయి దొరక్కపోతే భోజనాల దగ్గర చెప్పేస్తాను. దొరికితే నోరు మూసుకుని పరీక్ష రాస్తాను. డాక్టరు చేయాల్సిన ఆలోచన కాదు. కానీ నా బుర్ర అలసిపోయింది, ఎవరో ఒకరు తేల్చి పారేస్తే చాలనిపించింది.

పైన రేకుల షెడ్డు కింద ఒక్కొక్కరికి ఒక్కో బకెట్ మట్టి ఇచ్చారు. జల్లెడలో పోసి నీళ్ళలో ఆడిస్తే బరువైన రాళ్ళు అడుగుకి దిగుతాయి. జల్లెడని ఒక్కసారి బల్ల మీద బోర్లిస్తే అడుగువి పైకొస్తాయి. నా జల్లెడలో అన్నీ గోధుమరంగు గులకలే. కాస్త ఊరటగా అనిపించింది, వెంటనే ఏడుపూ వచ్చింది. దేనికొచ్చిందో నాకే తెలియలేదు.

మా అత్తగారు నా పక్కన నిలబడి, బియ్యంలో రాళ్ళేరే మనిషిలా చూస్తోంది. ఉన్నట్టుండి ఆవిడ చూపు బల్ల మూల ఆగింది. నావైపు ఓసారి చూసి, ఎండ టోపీ సరిచేసుకుంటూ అటు తిరిగిపోయింది. నేను ఆ మూలకి చూశాను. సోడాబుడ్డి పెంకులాంటి ముక్క ఒకటి తడిగా మెరుస్తోంది.

తీసి ఎండకి పట్టాను. పసుపు. తేనె రంగుకి దగ్గరగా, స్వచ్ఛమైన పసుపు.

“యెస్! పుష్యరాగం!” అని అరిచాడు వంశీ.

సరే, రాస్తాను, తప్పేదేముంది అనుకుంటూ రాయిని వేళ్ళ మధ్య తిప్పాను. రెండోవైపు నీలం. నల్లసిరా లాంటి ముదురు నీలం. రెండు రంగులూ రాయి మధ్యలో గోడ కట్టినట్టు విడిపోయి ఉన్నాయి. ఇలాంటివి ఈ నేలలో మామూలేననీ, జనం ఇష్టపడి కొంటారనీ చెప్పి డారెల్ నా చేయి పట్టి ఊపేశాడు.

మావాళ్ళ మొహాలు మాత్రం పాలిపోయాయి. పుష్యరాగం గురువుది, నీలం శనిది. పుష్యరాగం ఎవరైనా పెట్టుకోవచ్చు కానీ నీలం అందరికీ పడదు. పడకపోతే ఇల్లు గుల్ల చేస్తుందంటారు. నా జాతకానికి నీలం అసలు కూడదని సిద్ధాంతిగారు ముందే చెప్పారట. ఇప్పుడు ఆ ఇద్దరూ వచ్చి ఒకే రాయిలో కాపురం పెట్టారు.

భోజనాల దగ్గర శాండ్‌విచ్ పక్కన పెట్టి, వంశీ తెనాలికి వీడియో కాల్ చేశాడు. సిద్ధాంతిగారు అప్పుడే పూజ ముగించుకుని కూర్చున్నారు. రాయిని కెమెరా ముందు పెడితే, “ఆకుపచ్చగా ఉందేమిటయ్యా?” అన్నారు.

“లేదండీ, సగం యెల్లో, సగం బ్లూ.”

“మొదట ఏ రంగు కనిపించింది అమ్మాయికి?”

“యెల్లో అండీ.”

“అయితే గురుడే. కానీ శని వెనకే ఉన్నాడే!” ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. “ఉంగరం అడుగు తెరిచి ఉండాలి, రాయి వేలికి తగలాలి. ఏ రంగు చర్మానికి తగిలితే ఆ గ్రహమే పనిచేస్తుంది. పసుపు కిందకి వచ్చేట్టు చూసుకోండి. పైన నీలం ఉన్నా ఊరికే అలంకారం.”

వంశీకి ప్రాణం లేచొచ్చింది. టిష్యూ పేపరు మీద రాయి బొమ్మ గీసి, కింద పసుపు, పైన నీలం అని బాణాలు వేశాడు. ఆఫీసులో ఇంజనీర్లకి చెప్పినంత శ్రద్ధగా నాకు వివరించాడు. మా అత్తగారు అదేమీ వినకుండా, “నువ్వు తిన్నావా?” అని అడిగింది. నేను తినలేదు. చెప్పాల్సిన మాట చెప్పనూ లేదు.

సానపట్టే ఆవిడ పేరు మార్గీ. ఇంటి వరండాలోనే ఆవిడ పనిగది. బల్ల మీద గుండ్రటి సానరాయి సన్నగా రొద చేస్తూ తిరుగుతోంది. వంశీ టిష్యూ చూపించగానే ఆవిడ నవ్వి, రాయిని దీపం ముందు పెట్టింది.

“నీ బొమ్మలా కుదరదు, డార్లింగ్. రాయిలోకి వెళ్ళిన వెలుగు అడుగుకి తగిలి వెనక్కి వస్తుంది. అడుగున పసుపు పెడితే రాయంతా పసుపే అవుతుంది. నీలం పెడితే నీలమే. పైన ఏదున్నా లెక్కలేదు.”

“ఏమంటోందిరా?” అంది మా అత్తగారు.

“అడుగున ఏ రంగుంటే పైకి అదే కనపడుతుందట అమ్మా.”

“అంతేగా మరి” అంది ఆవిడ, నావైపు చూస్తూ. నాకెందుకో చూపు తిప్పుకోవాలనిపించింది.

అక్కడి నుంచి గందరగోళం. పసుపు అడుగున పెట్టించుకుంటే రెండో సగం ఏమవుతుందని వంశీ అడిగాడు. చాలావరకు అరిగి పొడైపోతుందని మార్గీ చెప్పింది. రెండూ కావాలంటే పక్కపక్కన నిలబెట్టి కోస్తానంది, తనైతే అదే చేస్తానంది. అలాగైతే వేలికి రెండూ తగులుతాయి కదా అని వంశీ బెంగపడ్డాడు. మళ్ళీ తెనాలికి ఫోన్ చేస్తే సిద్ధాంతిగారు ఎత్తలేదు. అలాంటి రాయి మంచిదా చెడ్డదా అని వంశీ మార్గీనే అడిగాడు. ఆవిడకి ప్రశ్నే అర్థం కాలేదు. నాకు మాత్రం పరీక్ష గదిలో ఉన్నట్టుంది. మూడు జవాబులు నాలిక మీద ఉన్నాయి, గంట మోగబోతోంది.

మార్గీ చేయెత్తి అందరినీ ఆపి, నావైపు తిరిగింది. “రాయి నీది కదా, లవ్. అడుగున ఏది పెట్టమంటావు?”

“కోయొద్దు” అన్నాను.

“వాట్?” అన్నాడు వంశీ.

“కోయొద్దు. నేను పరీక్ష రాయడంలేదు, వంశీ. సోమవారం సీటు బుక్ చేయడంలేదు. నీకెట్లా చెప్పాలో తెలీక ఇంతదూరం వచ్చా.”

రాయి లేని సాన ఒట్టినే తిరుగుతోంది. తప్పు రాయిదేమో అనుకుని మార్గీ, “చెడ్డ రాయేం కాదు, లవ్” అంది నెమ్మదిగా.

వంశీ నన్నూ వాళ్ళమ్మనీ మార్చి మార్చి చూశాడు. “మరి... అమ్మ సిద్ధాంతిగారిని అడిగింది దేనికి? ఇదంతా ఎగ్జామ్ కోసమే కదా?”

“పరీక్షన్నది ఎవర్రా? నువ్వు” అంది మా అత్తగారు. “నేను ఆయన్ని పరీక్ష సంగతి అడగనే లేదు.”

“మరేం అడిగావు?”

ఆవిడ నావైపు తిరిగింది. “పొద్దస్తమానం ఆ డ్రయ్యర్ తిరుగుతుంటే, బట్టలు తీసి మడత పెడదామని ఓ రోజు లాండ్రీ దగ్గరికొచ్చా. తలుపు వేసుంది. ఆ రొదలో నీ ఏడుపు వినపడింది. నువ్వు డ్యూటీకెళ్ళాక తెరిచి చూస్తే లోపల ఒక్క గుడ్డ లేదు. ఒట్టి మిషను తిప్పుకుంటున్నావు. మాకు వినపడకూడదని. మా పిల్ల ఏడుపు ఎట్టా మానుతుందండీ అని అడిగా. ఆయనకి తెలిసిన మందు అదే, రాయి చెప్పాడు.”

మార్గీకి తెలుగు రాదు. కానీ చేయి చాపి సానమిషను ఆపేసింది. వరండా అంతా నిశ్శబ్దమైపోయింది, అందులో నా ఏడుపు నాకే పెద్దగా వినపడింది. ఏ మిషను చప్పుడూ అడ్డం లేకుండా అందరి ముందూ ఏడ్చాను. సిగ్గేసింది, హాయిగానూ ఉంది. వంశీకి ఏం చేయాలో తోచక, రాళ్ళు తుడిచే గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

తిరుగుదారిలో నేనూ మా అత్తగారూ వెనకసీట్లో కూర్చున్నాం. చాలాసేపటికి వంశీ అద్దంలోంచి నన్ను చూసి, “అంటే ఇంకెప్పటికీ రాయవా?” అని అడిగాడు.

“తెలీదు. ఈసారికి రాయను. అంతవరకే తెలుసు.”

“ఓకే” అన్నాడు. రోడ్డు వైపు చూస్తూ, “నేను ఆ డాక్టర్ అనడం... ఆపేస్తాలే” అన్నాడు. ఆపమనాలో వద్దనాలో అదీ తేల్చుకోలేకపోయాను.

మా అత్తగారు రాయిని చేతిరుమాలులో మూటకట్టి నా ఒళ్ళో పెట్టింది. “నీలం ఉంది కాబట్టి మూడు రాత్రులు దిండు కింద పెట్టుకో. పీడకలొస్తే చెప్పు, తీసేద్దాం.”

“మరి పసుపు సగానికో?”

“దానికి పరీక్ష లేదు” అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ భుజం మీద తల పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. నిద్రపోయానేమో అనుకుని కాసేపు ఊరుకుంది కానీ, ఉండబట్టలేక నా చెవి దగ్గరికి వంగింది.

“ఇకనించి ఏడుపొస్తే నా గదిలోకి రా. ఆ డ్రయ్యరెందుకే, కరెంటు దండగ.”