మునికాంతమ్మ చేతి వెనక నేను

నేను ఒక నాడీకణాన్ని. తిరుపతి ఆసుపత్రికి వెళ్ళాలని మునికాంతమ్మ సంచిలో రెండు చీరలు, దువ్వెన, మందుల చీటీ సర్దుతుంటే ఆ చేతిని నడిపేవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆమె శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తుంది. ఆమె మెదడు అడుగున ఒక నల్లటి గుంపు ఉంది. అదే మా ఊరు. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి ఆమె తీసే నలుపులాంటిదే మా ఒంటి రంగు. ఆమె పుట్టకముందే నేను తయారయ్యాను. నేను పోతే నా చోటికి ఇంకొకరు రారు.

మా కణాల ఓపిక చూస్తే నాకే ఆశ్చర్యం. లోపల ప్రోటీన్లు మడత తప్పి ముద్దకడితే, కొత్తవి చేయడం ఆపేస్తాం. మడత సరిచేసేవాటిని రప్పిస్తాం. బాగుపడనివాటిని ముక్కలు చేసి పారేస్తాం. ఇల్లు చక్కబడ్డాకే మళ్ళీ పని. యాభై ఎనిమిదేళ్ళు అలాగే నెగ్గుకొచ్చాం. కానీ అలా పని ఆపడం మరీ ఎక్కువైతే, కాపాడేదే ప్రాణం తీస్తుంది. నాకు ఎప్పుడూ ఆ భయమే.

మాలో కొందరు అలాగే పోయి ఆమె గీత వణికితే, మనుషులు మాత్రం నేరం కలం మీద వేశారు. వెదురు పుల్లకు ఉన్నిదారం చుట్టి ఆ కలం చేసేది ఆమె భర్త చెంగల్రాయుడు. రెండేళ్ళుగా తిట్లన్నీ ఆయనకే.

"చుట్టు వదులుగా చుట్టినావు. కలం ఎట్లా వణకతా ఉండాదో చూడు!"

ఆయన విప్పి మళ్ళీ చుట్టేవాడు. పోయిన వారమే నోరు విప్పాడు.

"కలం కాదుమే వణికేది."

అందుకే ఈ ప్రయాణం. కానీ గోడకు ఆనించిన గుడ్డ మీద ఆమె వేస్తున్న సీతమ్మ బొమ్మకు ఇంకా కళ్ళు లేవు. ఆ ఇంట్లో కళ్ళు చివరన వేస్తారు, వేసేది ఆమె ఒక్కతే. నలుపు జారితే ఉతికినా పోదు, మూడు నెలల పని పాడవుతుంది. రేపటికి ఈ చెయ్యి మాట వింటుందో లేదో ఎవరికీ తెలియదు.

"బస్సు పోతాదిమే!"

"పోనీ. కళ్ళు లేని తల్లిని ఇడిచిపెట్టి నేను యాడికి పోయేది?"

గుడ్డ నేలమీద పరిచి కూర్చుంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. అప్పటికి మా వరుసలో తొమ్మిదిమందిమి పని ఆపి మరమ్మతులో ఉన్నాం. మిగిలినవాళ్ళే ఆ చేతికి ఆధారం. మొదటి కన్ను పడింది. వణుకు వచ్చినప్పుడల్లా ఆమె కలం పైకెత్తి, చుక్క జారకుండా, వణుకు తగ్గేదాకా ఆగింది. మా పద్ధతి ఆమెకు ఎవరు చెప్పారో!

రెండో కన్నూ పడింది. గీత ఎక్కడా తప్పలేదు.

తొమ్మిదిమందిలో ఎనిమిదిమందిమి తిరిగి పనిలోకి వచ్చాం. నా ఎడమ పక్కనున్న కణం రాలేదు. మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు అది పోయింది.